అది నా తేనె కాదు

తోట ఇల్లు
మార్చి 4

అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

నా చేతిరాత కోడి గెలికినట్టు ఉంటుందని మీ అమ్మ ఎప్పుడూ అంటుంది. అయిదో తరగతితో బడి ఆగిపోయింది. ఆ తర్వాత నేను రాసిందల్లా తేనెపెట్టెల మీద నంబర్లే. ఒత్తులు, దీర్ఘాలు తప్పిపోతే దిద్దుకుని చదువు. ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఫోన్ చెవికి పెట్టుకుంటే నాకు మాట రాదు, నీకు తెలుసు. పైగా ఎవరి గురించి అడగాలో ఆ మనిషి గోడకి అవతలే ఉంటాడు. వాడివి పాము చెవులు.

సంగతి మీ వడ్రంగి బాబాయిది. మీ అత్తయ్య పోయాక ఈ ఇంట్లో సగం నేను, సగం ఆవిడ తమ్ముడైన వీడు. నా ఇరవై ఏడు పెట్టెలూ వాడు చేసినవే. నెల కిందట పెట్టె మూల చెక్కుతుంటే ఉలి జారి కుడి పాదం మీద పడింది, బొటనవేలి పక్కన. గీసుకుంది అంతే అన్నాడు. నెలైంది, మానలేదు. వాడికి షుగర్ ఉంది.

ఆసుపత్రికి రమ్మంటే రాడు. "మా అక్క నవ్వుకుంటూ వెళ్లింది, ఎలా వచ్చిందో చూశాంగా" అంటాడు. ఆ మాటతో నేను నోరు మూసుకుంటాను.

పుండ్లకు మీ దగ్గర తేనె వేస్తారని పోయినసారి వచ్చినప్పుడు అన్నావు. నిజమేనా? మన తేనె వేయొచ్చా? వేసేముందు నిన్ను ఒక మాట అడుగుదామని.

ఇంతే.

మామయ్య


డ్రెస్సింగ్ గది, ఆసుపత్రి
మార్చి 9

మామయ్యకి నమస్కారాలు.

నీ ఉత్తరం చూసి ముందు భయపడ్డాను. నువ్వు ఉత్తరం రాశావంటే ఏదో మునిగిపోయిందనే అనుకున్నాను. చదివాక భయం ఒక పాలు తగ్గింది, ఒక పాలు పెరిగింది.

పుండ్లకు తేనె వేస్తాం, నిజమే. ఈ గదిలో నాకు ఆరు కుర్చీలు, ఒక కుళాయి, ఒక అలమర. ఆ అలమర రెండో అరలో ఉంటాయి తేనె ట్యూబులు, టూత్‌పేస్టు ట్యూబుల్లాగే. అందరికీ వేయం. ఏ పుండుకు పనికొస్తుందో డాక్టరుగారు చూసి చెప్తే వేస్తాం. అది పుండులోని చెడు నీటిని పైకి లాగుతుంది, చచ్చిన చర్మాన్ని మెత్తబరిచి వదిలిస్తుంది, వాసన తగ్గిస్తుంది.

కానీ మామయ్యా, అది నీ తేనె కాదు. కోపం తెచ్చుకోకు. నీ తేనె వేలితో నాకి పెరిగినదాన్ని నేను. నోటికి అంతకంటే మంచిది లేదు. పుండు నోరు కాదు. ఎంత బాగా వడకట్టినా తేనెలో పుప్పొడి ఉంటుంది, ధూళి ఉంటుంది, కంటికి కనపడని క్రిముల విత్తనాలుంటాయి. కడుపులోకి పోతే మన ఒళ్లు వాటిని చూసుకుంటుంది. తెరుచుకున్న మాంసంలో పడితే చెప్పలేం. కాచి వేద్దామంటే కాచిన తేనెలో మందు గుణమే పోతుంది. అందుకని మా తేనెను వేడి చేయకుండా ఒక రకం కిరణాలతో శుభ్రం చేసి, పరీక్షించి, గాలి చొరబడకుండా మూసి పంపుతారు.

కాబట్టి సీసా తేనె వేయకు. ఇంతవరకూ వేయలేదు కదా. పుండు ఎంత ఉందో, ఏ రంగులో ఉందో, వాసన వస్తోందా, వేలు నొక్కితే నొప్పి ఉందా, ఇవన్నీ రాయి. ఉన్నది ఉన్నట్టు రాయి. బాబాయి చెప్పింది కాదు, నువ్వు చూసింది.

నీ మేనకోడలు


తోట ఇల్లు
మార్చి 13

అమ్మాయికి,

వేశాను. నీకు రాయడానికి నాలుగు రోజుల ముందు నుంచే వేస్తున్నాను. ఎనిమిదో నంబరు పెట్టెది, అన్నిటికంటే చిక్కటిది. నీ ఉత్తరం వచ్చిన రోజున ఆపేశాను.

నా తేనె వల్ల ఎవరికీ ఏమీ కాలేదు ఇన్నేళ్లలో. అయినా ఆపేశాను.

నువ్వడిగినవి. పుండు నిమ్మకాయ అడ్డంగా కోస్తే ఎంతో అంత. మధ్యలో పచ్చగా, అంచులు తెల్లగా నానినట్టు. కొద్దిగా వాసన ఉంది. వేలు నొక్కితే నొప్పి లేదన్నాడు. నాకు అనుమానమొచ్చి, వాడు అటు తిరిగి రంపం పళ్లకు పదును పెడుతుంటే పెన్సిల్ మొనతో గట్టిగానే పొడిచాను. కదలలేదు. నొప్పి లేదు, అదొక్కటి మంచిదే.

ట్యూబు పంపగలిగితే పంపు.

మామయ్య


డ్రెస్సింగ్ గది
మార్చి 17

మామయ్యా,

నొప్పి లేకపోవడం మంచిది కాదు. ఆ వేలికి తెలివి తప్పింది. షుగర్ ఉన్నవాళ్ల పాదాలకు అలా అవుతుంది. నొప్పి ఉంటే మనిషి కాలు చూసుకుంటాడు. లేకపోతే అదే కాలితో రోజంతా నిలబడి చిత్రిక పడతాడు.

నీ ఉత్తరం డాక్టరుగారికి చదివి వినిపించాను. మనిషిని తీసుకురమ్మన్నారు. రాడు అన్నాను. తప్పనిసరైతే రెండు వారాలు ఇంట్లో చూడమన్నారు, షుగర్ మాత్రలు ఒక్క పూట కూడా మానకూడదన్నారు, ఆలోపు తగ్గడం మొదలవకపోతే ఎత్తుకునైనా తెమ్మన్నారు.

అయిదు తేనె ట్యూబులు, పట్టీలు, ఒక తెల్ల క్రీము పంపుతున్నాను. చేతులు సబ్బుతో కడుక్కో. నీళ్లు మరగబెట్టి చల్లార్చి వాటితో పుండు కడుగు. మెత్తగా అద్దు, రుద్దకు. తేనె పరిచి, పైన పట్టీ వేసి, బిగించకుండా కట్టు. పట్టీ తడిసిపోతే మార్చు. అంచుల్లో చర్మం నానకుండా ఆ తెల్ల క్రీము పుండు చుట్టూ రాయి, లోపల కాదు. నీ అరచేతుల పగుళ్లకు కూడా అదే రాసుకో, ఎలాగూ రాసుకోవని తెలుసు.

మొదటి వారం పుండు పెద్దదైనట్టు కనిపిస్తుంది, నీరు ఎక్కువ కారుతుంది. చెత్త పోతోందని అర్థం. కంగారు పడకు. కానీ ఎర్రదనం పుండు దాటి పైకి పాకినా, జ్వరం వచ్చినా, అది వేరే సంగతి. అప్పుడు ఉత్తరం రాస్తూ కూర్చోకు.

నీ మేనకోడలు


తోట ఇల్లు
మార్చి 28

అమ్మాయికి,

పార్సిల్ అందింది. మీ బాబాయి ట్యూబు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఆసుపత్రి సరుకు నా కాలికి తగలనివ్వను" అన్నాడు. ఇది కూడా తేనెటీగలు చేసిందేరా అన్నాను. "ఎవరి ఈగలు?" అన్నాడు. "నీ తేనె వేస్తే వెయ్యి బావా, లేదంటే గుడ్డ చుట్టి వదిలెయ్" అని చెప్పి ట్యూబు తీసుకెళ్లి మేకుల డబ్బాలో పడేశాడు. తర్వాత నేను తీసుకున్నాను.

ఇప్పుడు వేయించుకుంటున్నాడు. రోజూ ఉదయం పనికి కూర్చునేముందు బల్ల మీద కాలు చాపుతాడు. ఎలా ఒప్పుకున్నాడని అడగకు.

పుండు ఎంత ఉందో నీకు మాటల్లో చెప్పడం నాకు రాదు. పల్చటి కాగితం అడ్డం పెట్టి వడ్రంగి పెన్సిల్‌తో అంచు గీశాను. పుండుకు తగలనివ్వలేదు. రెండు గీతలు పంపుతున్నాను, కింద తేదీలున్నాయి. రెండోది కొంచెం పెద్దది. నువ్వు చెప్పావు కాబట్టి కంగారు పడలేదు. అంటే, తక్కువ పడ్డాను.

మామయ్య


డ్రెస్సింగ్ గది
ఏప్రిల్ 3

మామయ్యా,

నీ గీతలు గది గోడకి అంటించాను. డాక్టరుగారు చూసి ఈ గీసినవాడెవరు, మన దగ్గర ఉద్యోగం చేస్తాడా అన్నారు. మా మామయ్య, తేనెటీగలతో తప్ప ఎవరితోనూ మాట్లాడడు అన్నాను. అలాంటివాళ్లే కావాలి అన్నారు.

నీ గీతల్లో వంకర ఒక్కటి లేదు. పుండు మధ్యలో ఎర్రగా, తడిగా, చిన్న చిన్న గింజల్లాగా కొత్త మాంసం కనిపిస్తోందా? దానికోసమే చూస్తున్నాను.

నిన్న ఒక పెద్దావిడ కుర్చీలో కూర్చుని, ట్యూబు వాసన చూసి, "ఇంత మంచి దాన్ని కాలికి రాస్తారా, నోట్లో వేయొచ్చుగా" అని గొడవ. నోట్లో పుండు లేదుగా అమ్మమ్మా అన్నాను. "నా నోటి సంగతి తెలిసిన మా కోడలైతే ఆ మాట అనదు" అంది. మొత్తం గది నవ్వింది, ఆవిడ మాత్రం నవ్వలేదు.

అడగకు అన్నావు కాబట్టి అడుగుతున్నాను. బాబాయి ఎలా ఒప్పుకున్నాడు? ఆయన ఒకసారి వద్దంటే మేకు కొట్టినట్టే. నువ్వా, నాలుగు మాటలు కలిపి చెప్పలేవు. అందుకే నాకు ఏదో తేడాగా ఉంది.

నీ మేనకోడలు


తోట ఇల్లు
ఏప్రిల్ 14

అమ్మాయికి,

మూడో గీత చిన్నదయింది. నాలుగోది మళ్లీ పెద్దదయింది. పొద్దున చూస్తే ఎర్రదనం పాదం మధ్యకి వచ్చింది. పోయిన వాసన తిరిగి వచ్చింది. జ్వరం లేదంటాడు, చెయ్యి మాత్రం వెచ్చగా ఉంది.

నువ్వడిగినదానికి ఇప్పుడు చెప్తున్నాను. ఒప్పుకోలేదు. ఒప్పుకున్నాడని నువ్వు అనుకునేలా రాశాను.

నీ ట్యూబులన్నీ నా సీసాలోకి పిండాను. ఇదివరకు వాడి కాలికి వేసిన ఎనిమిదో నంబరు సీసా అదే. వేడి నీళ్లతో కడిగాను, కానీ అడుగున కొంచెం మిగిలే ఉంటుంది, తేనె అంత తొందరగా వదలదు. అదే సీసా, అదే మూత, వాడు చెక్కిచ్చిన అదే చెక్క గరిటె. రోజూ మూత తీసి, గరిటెతో తీసి వేశాను. వాడు నా తేనె అనుకున్నాడు. "చూశావా బావా, నీ ఎనిమిదో నంబరు ముందు ఆసుపత్రి సరుకు ఎందుకు పనికొస్తుంది" అని నాతో అన్నాడు, పక్కింటి దర్జీకి కూడా గొప్పగా చెప్పుకున్నాడు. నేను తల ఊపాను.

నువ్వు సీసాలో పోయకు అని రాయలేదు. రాయకపోయినా నాకు తెలియాలి. నా తోటలో తేనె తీసే చోట ఒక్క తడి గిన్నె పెట్టనివ్వను నేను.

గొడవ పడటం నాకు రాదు. ఇది కుదిరింది, మాట్లాడకుండా పని జరిగింది అనుకున్నాను. ఇప్పుడు వాడికి చెప్పాలా, చెప్పకుండా తీసుకురావాలా? నోరు తెరవలేక వాడి కాలు పోగొట్టానేమో.

మామయ్య


డ్రెస్సింగ్ గది
ఏప్రిల్ 16

మామయ్యా,

ఈ ఉత్తరం చేరేలోపే ఫోన్ చేస్తాను. నువ్వు మాట్లాడక్కర్లేదు, ఎత్తి విను చాలు. ఆయన్ని వెంటనే తీసుకురా. ఒక్క రోజు కూడా చూడకు.

మూసి ఉన్న ట్యూబు విలువంతా ఆ మూయడంలోనే ఉంది. ఒకసారి సీసాలోకి వచ్చాక అది మామూలు తేనే. కానీ అంతా నీ సీసా మీదే వేసుకోకు. షుగర్ పాదానికి ఏమీ చేయకపోయినా ఇలా తిరగబడుతుంది, నిలబడి పనిచేస్తే మరీను. ఎందువల్లో నేను చెప్పలేను, డాక్టరుగారూ చెప్పలేరు. సీసాలో పోయకు అని నేను రాయలేదు, అది నా మీద ఉంది. అలా చేస్తారని తోచలేదు నాకు. తన తేనెని పక్కన పెట్టి పరాయి తేనెకి తన సీసా ఇచ్చేవాడు ఉంటాడని ఎవరికి తోస్తుంది?

చెప్పే తీసుకురా. ఏదో ఒకటి చెప్పి గేటు దాటించావనుకో, లోపలికొచ్చాక ఆ కాలు నా చేతికివ్వడు. వాళ్ల కాలు వాళ్లే కుర్చీ మీద పెట్టకపోతే నేనేం చేయలేను మామయ్యా.

నీ మేనకోడలు


తోట ఇల్లు
ఏప్రిల్ 24

అమ్మాయికి,

నిన్ను గేటు దగ్గర చూశాను. నువ్వు వచ్చి వాడి చెయ్యి పట్టుకున్నాక నేను తిరిగొచ్చేశాను. పెట్టెలు చూడాలి అన్నాను. పెట్టెలు ఒక రోజు ఆగుతాయి. ఆ మెట్లు ఎక్కలేకపోయాను.

ఎలా తీసుకొచ్చానో నీకు తెలియాలి. ఫోన్లో నువ్వు చెప్పిందంతా విన్నాను. పెట్టేసి వాడి గదిలోకి వెళ్లాను. చిత్రిక పడుతున్నాడు. ఊరికే నిలబడ్డాను. రోజూ నిలబడితే పట్టించుకోడు. ఆ రోజు ఆపాడు.

"నీ కాలికి వేస్తున్నది నా తేనె కాదు" అన్నాను. "ఆసుపత్రిదే. నా సీసాలో పోసి వేశాను."

కాసేపు కాలి వైపు చూసుకున్నాడు. "ఈ ఎరుపు అందుకేనా?" అన్నాడు.

"కావచ్చు. అమ్మాయి చెప్పలేనంది. ఇప్పుడే ఆసుపత్రికి పోవాలి."

అరుస్తాడనుకున్నాను. దర్జీ ముందు పరువు తీశావు అంటాడనుకున్నాను. చిత్రిక బ్లేడు మీద పొట్టు ఊదాడు, వేలితో తుడిచాడు. తర్వాత అడిగాడు.

"మా అక్కని కూడా ఇలాగే తీసుకెళ్లావా బావా?"

పదకొండేళ్లు ఒకే కప్పు కింద ఉన్నాం. ఒక్కసారి కూడా అడగలేదు. అడగకుండా ఉండటానికే అంత చప్పుడు చేస్తూ పని చేశాడేమో.

"అవును" అన్నాను.

"ఏం చెప్పావు అక్కకి?"

"రెండ్రోజుల్లో వచ్చేస్తాం అని."

"రాదని నీకు తెలుసా?"

"తెలుసు."

కిటికీకి అవతల ఈగల రొద వినపడింది.

"మరి నన్ను ఏం చెప్పి తీసుకెళ్తున్నావు?" అన్నాడు.

"వేలు తీసేయొచ్చు" అన్నాను. "పాదం కూడా పోవచ్చు. ఇంటికి ఎప్పుడు వస్తావో తెలియదు. ఎవరికీ తెలియదు."

వాడు బల్ల పట్టుకుని లేచాడు. చొక్కా మార్చుకున్నాడు. పొట్టు ఊడ్చబోతే నేను ఊడుస్తానులే అన్నాను. దారంతా ఇద్దరం కిటికీలోంచే చూశాం, వాడు అటు, నేను ఇటు.

ఏమైందో రాయి.

మామయ్య


డ్రెస్సింగ్ గది
మే 6

మామయ్యా,

బొటనవేలు తీసేశారు. పక్క వేలు కూడా. పాదం నిలిచింది. ముందు అది చదువుకుని, ఊపిరి పీల్చుకుని, తర్వాత మిగతాది చదువు.

ఇంకోటి నేను దాచింది ఉంది. నొప్పి లేదని నువ్వు మార్చిలో రాసిన ఉత్తరం చదివిన రోజే డాక్టరుగారు అన్నారు, ఆ వేలు దక్కడం కష్టమని. నీకు రాయలేదు. నువ్వు హడలిపోతావని, ఉన్న ధైర్యం కూడా పోతుందని. రాసుంటే అప్పుడే తెచ్చేవాడివేమో. ఈ దాచే జబ్బు మనింట్లో నీ ఒక్కడిదే కాదు.

బాబాయి ఇప్పుడు నా మూడో కుర్చీలో కూర్చుంటున్నాడు. గాయం కుట్టకుండా తెరిచి ఉంచారు, కింద నుంచి మానుతూ రావాలి. రోజు విడిచి రోజు తేనె పట్టీ వేస్తున్నాను. మొదటి రోజు ట్యూబు మూత నేను తిప్పబోతే ఆగమన్నాడు. సీలు చూపించమన్నాడు. చూశాడు. "ఇది మీ మామయ్య తేనె కాదుగా?" అన్నాడు. కాదు బాబాయీ అన్నాను. "సరే, ఏం చేసినా ముందు చెప్పి చెయ్యి" అన్నాడు. అప్పటి నుంచి నీళ్లు పోస్తున్నాను, అద్దుతున్నాను, తేనె వేస్తున్నాను అని గుమాస్తా పద్దు చదివినట్టు పైకి చెప్తూ చేయాల్సి వస్తోంది. మిగతా కుర్చీలవాళ్లు కూడా మాకూ అలాగే చెప్పు అంటున్నారు. నా పని రెండింతలైంది. ఎందుకో చెయ్యి మాత్రం ఇదివరకటికంటే నిదానంగా, బాగా ఆడుతోంది.

పట్టీ మూలలు నేను మడిచే తీరు ఆయనకి నచ్చదు. "మూల కలవలేదు" అని చూపిస్తాడు. రెండుసార్లు విప్పి మళ్లీ వేయించాడు. ఆయన చెప్పినట్టు మడిస్తే నిజంగానే జారడం లేదు.

మొదట కొంచెం మంటగా ఉందన్నాడు. పక్క చర్మానికి తెలివి ఉందన్నమాట. మంట అంటే నేను నవ్వాను, ఆయనకి కోపమొచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. వచ్చే వారం పంపించేయొచ్చంటున్నారు డాక్టరుగారు, ఒకే షరతు మీద. ఇంట్లో ఎవరో ఒకరు మూడు నెలలపాటు రోజు విడిచి రోజు కట్టు మార్చాలి. ట్యూబు నుంచి నేరుగా, శుభ్రమైన చేతులతో. వారానికోసారి నాకు చూపించాలి. మళ్లీ చెడితే ఈసారి చీలమండ దాకా తీసేయాల్సి వస్తుంది. ఎవరు కడతారు అని బాబాయిని అడిగాను. మా బావ కడతాడు అంటాడనుకున్నాను. అనలేదు.

పట్టీ మూల ఒకసారి నొక్కి చూసుకుని అన్నాడు, "మీ మామయ్య చేతుల మీద నాకు అనుమానం లేదు. పని ఆయనంత శుభ్రంగా చేసేవాడు లేడు. నాకు భయం ఆయన నోరంటే. అది ఏం దాస్తోందో తెలియకుండా ఆయన ముందు కాలు చాపలేను." ఇంకో మాట అన్నాడు, "మా అక్క చివరి రోజుల సంగతి మొత్తం చెప్పమను. ఒక్క ముక్క దాచకుండా. విన్నాక చెప్తాను, ఇంటికి వస్తానో, ఇక్కడే వెనక వసతి గదుల్లో ఉండిపోతానో."

ఆ వసతి గదుల్లో కట్టు మార్చేవాళ్లు వారానికి రెండుసార్లే వస్తారు. ఆయన కాలికి అది చాలదు. నేనైతే ఇంటికే పంపాలని చూస్తున్నాను. కానీ ఆయన్ని నేను ఒప్పించను. మామయ్యా, ఇది నీ పని.

నీ మేనకోడలు


తోట ఇల్లు
మే 11

అమ్మాయికి,

పాదం నిలిచిందన్న చోట ఆగి, నువ్వు చెప్పినట్టే ఊపిరి పీల్చుకున్నాను. నువ్వు దాచిందాని గురించి నేను ఏమంటాను. నాకు నోరు లేదు.

కింద రాసింది వాడికి. ఎదురుగా చెప్పాలి. చెప్పలేను, మధ్యలో ఆగిపోతాను, ఆగితే మళ్లీ దాచినట్టే అవుతుంది. నువ్వు చదివి వినిపించు.

బావమరిదికి,

నేను నీకు ఎప్పుడూ ఉత్తరం రాయలేదు. పక్క గదిలో ఉండేవాడివి.

మీ అక్కకి కడుపులో నొప్పి వచ్చింది నీకు తెలుసు. మొదటిసారి చూపించినప్పుడు డాక్టరు నన్ను ఒక్కడినే బయటికి పిలిచాడు. చేతులు కడుక్కునే తొట్టి పక్కన నిలబెట్టి చెప్పాడు. కడుపులో గడ్డ పాకిపోయింది, కోసినా తీయడం కుదరదేమో, ఉన్నన్నాళ్లు నొప్పి లేకుండా చూస్తాం అన్నాడు. ఎన్నాళ్లు అన్నాను. వారాలు అన్నాడు. లోపలికి వెళ్లాను. ఏమన్నాడు అని అడిగింది. రెండ్రోజులు ఉండాలట, తర్వాత వచ్చేయొచ్చు అన్నాను. ఆలోచించి చెప్పింది కాదు. నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోవడం నాకు చేతకాలేదు.

అందుకే ఒక్క జత బట్టలు పెట్టుకుని నవ్వుతూ బయల్దేరింది. నువ్వు గుమ్మంలో నిలబడి, వచ్చేటప్పటికి కొత్త పెట్టె తయారుగా ఉంటుంది అన్నావు. దానికీ నేను తల ఊపాను.

మూడో రోజు, ఇంకా ఎన్నాళ్లు అంది. రేపు అన్నాను. నాలుగో రోజూ రేపే అన్నాను. అయిదో రోజు పొద్దున నా మొహం వైపు చాలాసేపు చూసింది. "నీకు అబద్ధం చెప్పడం రాదు, ఎందుకు కష్టపడతావు" అంది. "మా తమ్ముణ్ని రమ్మను" అంది. "వాడితో ఒక మాట చెప్పాలి."

ఇది నీకు తెలియదు. అది నిన్ను పిలిచింది. అయిదో రోజు పొద్దున.

నేను నీకు కబురు పెట్టలేదు. పెడితే నువ్వు అడుగుతావు, నీకు నిజం చెప్పాలి. ఇంకొక్క రోజు చూద్దాం, కొంచెం తేరుకుంటే చెబుదాం అనుకున్నాను. కబురు పెట్టావా అని మధ్యాహ్నం అడిగింది. పెట్టాను, వస్తున్నాడు అన్నాను. అది తలుపు వైపు తిరిగి పడుకుంది. ఆరో రోజు మాట పడిపోయింది. అప్పుడు పెట్టాను కబురు. నువ్వు పరిగెత్తుకుంటూ వచ్చేసరికి కళ్లు మాత్రమే తెరిచి ఉన్నాయి. అక్క నిన్ను చూసింది. అంతవరకు నిజం. చెప్పాలనుకున్న మాట ఏమిటో నాకూ తెలియదు. పోనీ నాకు చెప్పు అని నేను అడగలేదు.

నువ్వు ఆసుపత్రి మీద కోపం పెట్టుకున్నావు. వాళ్లు చేసిందేమీ లేదు. పదకొండేళ్లు ఆ కోపం అటే ఉండనిచ్చాను. నీ కాలు చెడుతున్నప్పుడు కూడా ఉండనిచ్చాను, ఎందుకంటే అది అక్కడ లేకపోతే నా దగ్గరికి రావాలి. నీ వేళ్లు పోవడంలో నా సీసా వాటా ఎంతో నాకు తెలియదు. ఇలా దాచినదాని వాటా మాత్రం ఉంది.

ఇంకేమీ లేదు. వెతికి చూసుకున్నాను, దాచింది ఇంకేమీ లేదు.

నువ్వు ఇంటికి వస్తే కట్టు నేను మారుస్తాను. అమ్మాయి చేసినట్టు ప్రతిదీ చెప్పి చేస్తాను, నాకు అన్ని మాటలు రాకపోయినా ఆ నాలుగు నేర్చుకుంటాను. ట్యూబు నీ ఎదురుగా తెరుస్తాను. నా చేత్తో వద్దంటే దర్జీకి నేర్పమని అమ్మాయిని అడుగుతాను, అతను ఒప్పుకున్నాడు, చెయ్యి తేలిక. నేను గోడ అవతల ఉంటాను. నేను ఇంట్లోనే ఉండకూడదంటే తోటలో పెట్టెల దగ్గర గది ఉంది, అక్కడుంటాను. నీ కాలు మానాలి. అది ఒక్కటే నాకు కావాలి.

అమ్మాయీ, ఇక్కడితో వాడికి రాసింది అయిపోయింది. ఇది చదివేటప్పుడు ఎక్కడా మెత్తగా మార్చకు. వాడు మధ్యలో ఆపమంటే ఆపు, కానీ అయిదో రోజు దాకా చదివాకే ఆపు. గురువారం నేను వస్తాను. ఈసారి మెట్లెక్కి లోపలికే వస్తాను, మూడో కుర్చీ దాకా. కానీ వాడు వద్దంటే రాను.

కాబట్టి వాడు ఏమన్నాడో అన్నది అన్నట్టు రాయి. తిడితే తిట్టు రాయి. ఏమీ అనకుండా గోడ వైపు తిరిగితే, గోడ వైపు తిరిగాడని రాయి. గురువారం లోపల నాకు అందేలా, నువ్వు ఈ కాగితం మడిచిన వెంటనే రాయి.

మామయ్య